ఉపన్యాసం: సన్నాహం నుంచి సభ దాకా

ఎదుట కూర్చున్న సభను ఉద్దేశించి, ఒక ప్రయోజనం మనసులో పెట్టుకుని, ఒకరు వరసగా చెప్పే మాటను ఉపన్యాసం అంటారు. ప్రసంగమన్నా దాదాపు అదే. తెలియజెప్పడం, ఒప్పించడం, ఒక పనికి పురికొల్పడం, ఒక సందర్భానికి తగిన గౌరవం ఇవ్వడం, ప్రయోజనం వీటిలో ఏదైనా కావచ్చు. సంతాప సభలో మాట్లాడే తీరు వేరు, ఎన్నికల సభలో వేరు, తరగతి గదిలో వేరు. అయినా అన్నిటికీ ఒక ఇబ్బంది సమానం. చదివేవాడికి అర్థం కాకపోతే పేజీ వెనక్కి తిప్పుకుంటాడు, వినేవాడికి ఆ వీలు లేదు. చెవిన పడ్డ మాట అప్పటికప్పుడు బోధపడాలి, లేదా పోయినట్టే. ఉపన్యాస కళలో చెప్పే మెళకువల్లో చాలావరకు ఈ ఒక్క ఇబ్బందిని దాటడానికి పుట్టినవే.

పాత గ్రంథాల్లో

మాట తీరును దగ్గరగా పరిశీలించిన మన పాత రచనల్లో వాల్మీకి రామాయణం ముందు వరసలో ఉంటుంది. కిష్కింధకాండ ఆరంభంలో, భిక్షువు వేషంలో వచ్చిన హనుమంతుడు మాట్లాడి ముగించగానే రాముడు లక్ష్మణుడి వైపు తిరిగి ఆ మాటనే మెచ్చుకుంటాడు. వ్యాకరణం ఎక్కడా తప్పలేదని, ముఖంలో గానీ కళ్ళలో గానీ కనుబొమల్లో గానీ వికారం కనిపించలేదని, సాగదీయలేదని, సందేహం మిగల్చలేదని, తొందరా జాగూ లేకుండా మధ్యమ స్వరంలో పలికాడని అంటాడు. నేటి వక్తృత్వ పోటీల్లో న్యాయనిర్ణేతలు మార్కులు వేసేది కూడా దాదాపు వీటికే.

ఉచ్చారణ శాస్త్ర గ్రంథమైన పాణినీయ శిక్ష ఇదే సంగతిని దోషాల వైపు నుంచి చెప్పింది. రాగం తీసేవాడు, గబగబా చదివేవాడు, తల ఊపేవాడు, రాసుకున్నది చూసి చదివేవాడు, అర్థం తెలియకుండా వల్లించేవాడు, గొంతు పెగలనివాడు, ఈ ఆరుగురూ పాఠకుల్లో అధములని దాని తీర్పు. వేదపాఠం కోసం చెప్పిన మాట ఇది. కానీ కాగితంలోంచి తల ఎత్తకుండా ఇరవై నిమిషాలు చదివే వక్తలు మనకిప్పటికీ ఎదురవుతూనే ఉన్నారు కాబట్టి ఆ తీర్పుకు కాలదోషం పట్టలేదు.

గ్రీసులో అరిస్టాటిల్ క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో ఒప్పించే మాటకు మూడు ఆధారాలు చూపాడు. ఒకటి వక్త శీలం మీద సభకు కలిగే నమ్మకం, రెండోది శ్రోతల మనోభావం, మూడోది వాదనలోని హేతువు. మన సభల్లో ఎక్కువగా తేలిపోయేది మొదటిదే. చెప్పేవాడికి ఆ విషయంతో ఏ సంబంధం ఉందో సభకు తెలియకపోతే, ఎంత తర్కం చెప్పినా అది ఎక్కడో విన్న మాటలాగే ఉంటుంది. అరిస్టాటిల్ కాలం వాడే అయిన మహావక్త డెమోస్తనీస్ తొలిసారి మాట్లాడినప్పుడు సభ నవ్వింది. నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని ఉచ్చారణ సరిచేసుకున్నాడని, ఎగువకు ఎక్కుతూ పద్యాలు చదివి ఊపిరి నిలుపుకున్నాడని, భూగృహంలో నెలల తరబడి సాధన చేశాడని ప్లూటార్క్ రాశాడు. రోములో సిసిరో, క్వింటిలియన్ ఈ పనిని ఐదు భాగాలు చేశారు: విషయ సేకరణ, క్రమం, భాష, జ్ఞాపకం, ప్రదర్శన. రెండు వేల ఏళ్ళు గడిచినా ఇంతకంటే మెరుగైన విభజన రాలేదనే చెప్పాలి. ఐదింటిలో నాలుగు వేదిక ఎక్కకముందే అయిపోయే పనులు కావడం గమనించదగ్గ విషయం.

తెలుగు వేదిక

పురాణ కాలక్షేపం, హరికథ, అవధానం వల్ల గంటల తరబడి కూర్చుని వినే అలవాటు తెలుగువారికి ఎప్పటినుంచో ఉంది. అయితే ఒక సామాజిక ప్రశ్న మీద సభ పెట్టి, వచనంలో వాదించి, జనాన్ని ఒప్పించే ఆధునిక ఉపన్యాసం మనకు 19వ శతాబ్దంలో స్థిరపడింది. కందుకూరి వీరేశలింగం 1879లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు మొదలుపెట్టినప్పుడు శాస్త్ర ప్రమాణాలు ముందు పెట్టుకుని మాట్లాడారు. ఎదిరించే పండితులు ఏ గ్రంథాన్ని నమ్ముతారో ఆ గ్రంథంతోనే జవాబు చెప్పడం ఆయన పద్ధతి. ఆ మాటలు మాటలుగా ఆగిపోలేదు. 1881 డిసెంబరు 11న అదే ఊళ్ళో తొలి వితంతు వివాహం జరిగింది.

1907లో వందేమాతరం ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర తీరంలో పర్యటించారు. రాజమహేంద్రవరంలో ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులోకి మార్చి చెప్పారు. ఆ సభలు విన్న విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలతో తరగతులకు వెళ్ళారు, కొందరు చదువులు పోగొట్టుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వారిలో ఒకరు.

హైదరాబాదు సంస్థానంలో పోరాటం అంతకంటే కింది మెట్టు దగ్గరే మొదలైంది. 1921 నవంబరులో సంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజన సంఘానికి పునాది వేశారు. సభ పెట్టుకోవడానికే ముందస్తు అనుమతి కావాల్సిన రాజ్యం అది. మైకు దొరికితే చాలు మాట్లాడే ఈ రోజుల్లో, మాట్లాడే హక్కుకు అంత వెల కట్టిన తరం ఒకటి ఉండేదని వక్తలకు గుర్తుండడం మంచిది.

1982లో ఎన్టీ రామారావు చైతన్యరథం మీద నుంచి చేసిన ప్రసంగాలు మరో రకం. పౌరాణిక చిత్రాల్లో సుదీర్ఘ సంభాషణలు పలికి పలికి ఆయన గొంతుకు స్పష్టత అబ్బింది. అంతకంటే ముఖ్యం, ఊరూరా ఆగి చెప్పిన మాట ఒక్కటే: తెలుగువారి ఆత్మగౌరవం. రోడ్డు పక్కన నిలబడి వినే జనానికి రెండో అంశం మోయడం కష్టం. పార్టీ ప్రకటించిన తొమ్మిది నెలలకు, 1983 జనవరిలో ఆయన అధికారంలోకి వచ్చారు.

సన్నాహం

సన్నాహం అనగానే పుస్తకాలు ముందేసుకుని నోట్సు రాసుకోవడం గుర్తొస్తుంది. అది రెండో పని. మొదటి పని, ఎవరు వింటారో తెలుసుకోవడం. ఊళ్ళో మూతబడ్డ గ్రంథాలయాన్ని తెరిపించాలని గ్రామసభలో పది నిమిషాలు మాట్లాడాల్సి వచ్చిందనుకుందాం. తాళపత్రాల దగ్గర మొదలుపెట్టి, గ్రంథాలయోద్యమం చెప్పి, అయ్యంకి వెంకటరమణయ్యకు నమస్కరించేసరికి పది నిమిషాలూ అయిపోతాయి. చెప్పినవన్నీ నిజాలే, ఒక్కటీ పనికి రాదు. ఎందుకంటే అక్కడ కూర్చున్నది రైతులు, డ్వాక్రా సంఘాల మహిళలు, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు, సర్పంచి, పంచాయతీ కార్యదర్శి. గ్రంథాలయం గొప్పదని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది మూతబడడం వల్ల తమ ఇంట్లో ఎవరికి ఏం పోయిందో చెప్పాలి.

కాబట్టి కలం పట్టుకోగానే రాయాల్సింది ఒక్క వాక్యం: సభ ముగిశాక వీళ్ళు ఏం చేయాలి? ఇక్కడ ఆ వాక్యం ఇలా ఉంటుంది: వచ్చే నెల నుంచి గ్రంథాలయం రోజూ సాయంత్రం తెరిచి ఉంచాలని ఈ సభ తీర్మానం చేయాలి. ఆ వాక్యం దొరికాక సేకరణ తేలికవుతుంది, ఎందుకంటే ఏది అక్కర్లేదో తెలిసిపోతుంది. మనం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నామన్న ఒక్క సంగతి, ఊరి పిల్లలు చదువుకోవడానికి పట్నంలో గది అద్దెకు తీసుకుంటున్నారన్న మరో సంగతి, ఈ రెండూ చాలు సభను నిటారుగా కూర్చోబెట్టడానికి.

అంశాలు రెండో మూడో మించకూడదని చాలామంది అనుభవజ్ఞులు చెబుతారు. రాజ్యాంగ సభలో అంబేడ్కర్ 1949 నవంబరు 25న చేసిన ప్రసంగం చాలా పెద్దది, ఎన్నో విమర్శలకు జవాబులున్నాయి. అయినా జనం గుర్తు పెట్టుకున్నది దాని చివరి భాగాన్ని. మన ప్రజాస్వామ్యం నిలవాలంటే చేయాల్సినవి మూడని ఆయన లెక్క పెట్టి చెప్పారు: రాజ్యాంగబద్ధమైన మార్గాలను వదలకపోవడం, రాజకీయాల్లో వ్యక్తి పూజకు లొంగకపోవడం, రాజకీయ సమానత్వంతో తృప్తిపడకుండా సామాజిక సమానత్వం సాధించడం. లెక్క ముందే చెబితే, ప్రసంగంలో తాను ఎక్కడున్నాడో శ్రోతకు తెలుస్తుంది.

ఆరంభంలో మన సభలకు ఒక జబ్బు ఉంది. వేదికను అలంకరించిన పెద్దల పేర్లు, బిరుదులు, పదవులు వరసగా చదవడంలో తొలి రెండు నిమిషాలు పోతాయి. సభ ఎక్కువ శ్రద్ధగా ఉండేది ఆ రెండు నిమిషాలే. అధ్యక్షులకు, సభకు ఒక్క వాక్యంలో నమస్కారం చెప్పి విషయంలోకి వెళితే ఎవరి మర్యాదా తగ్గదు. ముగింపు వాక్యం మాత్రం రాసి, నోటికి వచ్చేదాకా చదువుకోవాలి. ఎలా ముగించాలో తెలియని వక్తే ‘చివరగా’ అని నాలుగుసార్లు అంటాడు.

చెవికి అందే తెలుగు

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. దాని ముందు ‘చేసిన’, ‘ఉన్న’, ‘చెబుతూ’, ‘వెళ్ళి’ అంటూ ఎన్ని ముక్కలైనా చేర్చుకుంటూ పోవచ్చు. కాగితం మీద ఇది అందమే. సభలో వినేవాడు ఆ ముక్కలన్నీ మోస్తూ క్రియ కోసం కాచుక్కూర్చోవాలి. పై గ్రంథాలయం సంగతే తీసుకుంటే, రాసుకొచ్చిన వాక్యం ఇలా ఉండవచ్చు: దాతలు ఇచ్చిన స్థలంలో ప్రజలు చందాలు వేసుకుని కట్టించిన, ఒకప్పుడు రోజూ యాభై మంది వచ్చి పత్రికలు చదువుకున్న, ప్రస్తుతం తాళం పడి ఉన్న మన గ్రంథాలయాన్ని తిరిగి తెరిపించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది. అదే సంగతి చెవి కోసం చెబితే: మన గ్రంథాలయానికి తాళం పడింది. ఆ స్థలం ఈ ఊరి దాతలు ఇచ్చారు. ఆ గోడలు మన చందాలతో లేచాయి. ఒకప్పుడు రోజూ యాభై మంది వచ్చి పేపరు చదివేవారు. ఆ తాళం తీయించాలి. రెండో పద్ధతిలో ప్రతి వాక్యం తర్వాత ఒక విరామం దొరుకుతుంది. వక్తకు ఊపిరి, శ్రోతకు ఆలోచన, రెండూ ఆ విరామంలోనే జరుగుతాయి.

వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడింది ప్రధానంగా పాఠ్యపుస్తకాల గురించి, రచనల గురించి. ఆ పోరు రచనలో గెలిచి ఎన్నాళ్ళో అయింది. వేదిక మీద మాత్రం ఇంకా పూర్తిగా గెలవలేదు. ఇంట్లో చక్కగా మాట్లాడేవాళ్ళు మైకు ముందుకు రాగానే ‘తెలియజేసుకుంటున్నాను’, ‘ఆకాంక్షిస్తున్నాను’ అనే భాషలోకి జారుకుంటారు. తమ జిల్లా యాస వినిపిస్తుందేమోనన్న బెరుకు కూడా అందులో ఉంది. పాలమూరు మనిషి పాలమూరు మాటతో, శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళం మాటతో చెబితే సభ ఇంకా దగ్గరవుతుంది. యాస లోపం కాదు, అస్పష్టత లోపం.

అంకెలు చెవికి బరువు. 4,87,312 అని చదివే బదులు ‘దాదాపు ఐదు లక్షలు’ అంటే చాలు. ఖచ్చితమైన అంకె కావాల్సినవారికి కాగితం ఇవ్వవచ్చు. సామెత ఒకటి చాలు, పద్యం చదివితే తడబడకుండా చదవాలి. సభను నవ్వించే కథ విషయానికి అతికితేనే చెప్పాలి.

ఆశువుగా కనిపించేది

కాగితం చూసి చదవడం, కంఠతా పట్టి అప్పజెప్పడం, సూచికలు రాసుకుని మాట్లాడడం, ఏ సన్నాహం లేకుండా ఆశువుగా మాట్లాడడం, ఈ నాలుగు పద్ధతుల్లో మూడోది ఎక్కువమందికి నప్పుతుంది. అరచేతిలో ఇమిడే అట్టముక్కల మీద ఒక్కో అంశానికి రెండు మూడు మాటలు రాసుకుంటే తల వంచే అవసరం తగ్గుతుంది. కంఠతా పట్టినవాడికి ఒక్క మాట జారిపోతే మొత్తం జారిపోతుంది. బడి పిల్లల ఆగస్టు 15 ఉపన్యాసాల్లో ఇది ఎప్పుడూ చూసేదే. పాపం ఆ పిల్లలది తప్పు కాదు, ఎవరో రాసిచ్చిన మాటలు అవి.

ఆశువుగా మాట్లాడడం వరమని చాలామంది అనుకుంటారు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం మెట్ల మీద మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడుతున్నప్పుడు, స్వప్నం గురించి చెప్పిన ప్రఖ్యాత భాగం ఆయన చేతిలోని ప్రతిలో లేదు. పక్కనే ఉన్న గాయని మహేలియా జాక్సన్ ఆ కల గురించి చెప్పమని కేక వేసింది. ఆయన కాగితం వదిలేసి చెప్పారు. ఇంతవరకు అందరికీ తెలిసిన కథ. అయితే అంతకు రెండు నెలల ముందే, జూన్‌లో డెట్రాయిట్ సభలో ఆయన ఆ కల గురించే మాట్లాడారు. చర్చి వేదికల మీద ఏళ్ళ తరబడి మాట్లాడిన మనిషి నోట, ఎన్నోసార్లు నలిగిన మాట, సరైన క్షణంలో బయటికి వచ్చింది. మన అవధానుల ధార కూడా అంతే. చూసేవారికి మెరుపులా కనిపించే పద్యం వెనక ఏళ్ళ ఛందోభ్యాసం ఉంటుంది.

కాలం

1863 నవంబరు 19న గెటిస్‌బర్గ్ శ్మశాన వాటిక అంకిత సభలో ప్రధాన వక్త అమెరికా అధ్యక్షుడు లింకన్ కాదు, ఎడ్వర్డ్ ఎవరెట్. ఆయన రెండు గంటలు మాట్లాడారు. లింకన్ దాదాపు 270 మాటల్లో, మూడు నిమిషాల లోపే ముగించారు. తాను రెండు గంటల్లో చెప్పబోయిన సారాన్ని లింకన్ రెండు నిమిషాల్లో అందుకున్నారని ఎవరెట్ మర్నాడే ఆయనకు ఉత్తరం రాశారు. అలాగని చిన్నదల్లా గొప్పదని కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు 1947 ఆగస్టు 14 రాత్రి ఎదురైన పని సరిగ్గా దీనికి వ్యతిరేకం. రాజ్యాంగ సభ ప్రతిజ్ఞ చేయాల్సింది పన్నెండు కొట్టాక. అప్పటిదాకా ప్రసంగం నడపమని నెహ్రూ ఆయన్ను ముందే కోరారు. ఆ ప్రతిజ్ఞ తీర్మానాన్ని బలపరుస్తూ లేచిన రాధాకృష్ణన్, గడియారం ఎంత ఇస్తే అంత కాలాన్ని విషయంతోనే నింపారు. తగ్గించడమైనా పెంచడమైనా విషయం చేతిలో ఉన్నవాడికే సాధ్యం.

మన సభల్లో సాధారణంగా వచ్చే చిక్కు వేరు. ఇరవై నిమిషాలని పిలుస్తారు. శాలువాలు, జ్ఞాపికలు, ముందు మాట్లాడినవారి అభిమానం కలిసి, మన వంతు వచ్చేసరికి ఐదు నిమిషాలు మిగులుతాయి, వెనక భోజనాల వాసన వస్తుంటుంది. అందుకే ఐదు నిమిషాల రూపం కూడా సిద్ధం చేసుకుని వెళ్ళాలి. ఇరవై నిమిషాలది గబగబా చదివేస్తే ఒక్కటీ మిగలదు. ఒక్క అంశం, ఒక్క ఉదాహరణ, అడగదలచింది, అంతే.

గొంతు, మైకు, భయం

మైకులు లేని కాలంలో గొంతే సర్వం. 1739లో ఫిలడెల్ఫియాలో జార్జి వైట్‌ఫీల్డ్ అనే మతబోధకుడు ఆరుబయట మాట్లాడుతుంటే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ వెనక్కి నడుస్తూ మాట వినిపించే హద్దు కొలిచి, ముప్ఫై వేలకు పైగా జనం వినగలరని లెక్క కట్టాడు. లౌడ్‌స్పీకరు వచ్చాక అరవాల్సిన పని పోయింది, అరిచే అలవాటు పోలేదు. మైకు నోటికి సుమారు జానెడు దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కకు ఉంటే ప, బ, భ అక్షరాలు పేలవు. వేళ్ళతో తట్టడం, ఊదడం అనవసరం. మాట్లాడేవాడు స్పీకరు పెట్టె ముందుకు నడిస్తే కీచుమంటుంది. సభకు ముందే హాలు చివర ఒకరిని నిలబెట్టి వినిపిస్తుందో లేదో చూసుకోవడం అన్నిటికంటే చవకైన జాగ్రత్త.

సభాకంపం దాదాపు అందరికీ ఉంటుంది. నోరెండడం, గుండె దడ, చేతుల్లో వణుకు, ఇవి శరీరం ఆపదకు సిద్ధమవుతూ చేసే పనులే, మాటలు సాగే కొద్దీ సర్దుకుంటాయి. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసులో గాంధీ లేచి నిలబడి, ఒక్క ప్రశ్న అడగలేక, ఫీజు తిరిగి ఇచ్చేసి వెళ్ళిపోయారు. అంతకుముందు ఇంగ్లండ్‌లో రాసుకెళ్ళిన ప్రసంగాన్ని కూడా వేరొకరు చదవాల్సి వచ్చింది. 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల ముందు, వ్యాపారంలో సత్యం గురించి, తన జీవితంలో తొలి బహిరంగ ప్రసంగం చేశారు. విషయం తనకు లోతుగా పట్టినది, విన్నవారు తన మనుషులు. నోరు విప్పించింది ఆ రెండే. ఆ బిడియమే తనకు మాట పొదుపు నేర్పిందని ఆయన ఆత్మకథలో చెప్పుకున్నారు. భయపడేవారికి ఇచ్చే చిట్కాలన్నిటి కంటే ఈ ఉదాహరణలో సారం ఎక్కువ: తెలిసిన విషయం, తెలిసిన మనుషులతో మొదలుపెట్టాలి.

చూపు ఒకే మూలకు అతుక్కోకుండా అన్ని వైపులా తిరగాలి. చేతులు మాటతో పాటు కదిలితే చాలు.

అనువాదంతో మాట్లాడడం

వేరే భాష నాయకుల మాటను వాక్యం వాక్యంగా తెలుగు చేయడం మన సభల్లో పాత సంప్రదాయం. 1921లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు పన్నెండేళ్ళ దుర్గాబాయి దేవదాసీల కోసం ప్రత్యేక సభ ఏర్పాటు చేసి, ఐదు వేల రూపాయల విరాళం సమకూర్చి, ఆయన హిందూస్తానీ ప్రసంగాన్ని తెలుగు చేసింది. అంతకుముందు కొండ వెంకటప్పయ్య చేస్తున్న ఆ పనిని గాంధీ ఆ తర్వాత ఆమెకు అప్పగించారు. ఆమే తర్వాతి కాలంలో రాజ్యాంగ సభ సభ్యురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. అనువాదకులతో మాట్లాడేటప్పుడు పూర్తి వాక్యం చెప్పి ఆగాలి, సగంలో ఆపితే క్రియ చివర వచ్చే తెలుగులో దాన్ని పలకడం కుదరదు. కేటాయించిన సమయంలో సగం అనువాదానికే పోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ప్రశ్నలు, శిక్షణ

ఉపన్యాసం తర్వాత వచ్చే ప్రశ్నను ముందు మైకులో తిరిగి చెప్పాలి, వెనక వరసకు ప్రశ్న వినిపించదు. జవాబు తెలియకపోతే తెలియదనడమే మేలు. ప్రశ్న పేరుతో ఎవరైనా మరో ఉపన్యాసం మొదలుపెడితే అధ్యక్షులు కలగజేసుకోవాలి, ఆ పని వక్తది కాదు.

ఈ కళను సభ్యులు కలిసి సాధన చేసే సంస్థల్లో టోస్ట్‌మాస్టర్స్ పేరున్నది. రాల్ఫ్ స్మెడ్లీ 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో తొలి క్లబ్బు పెట్టారు. సభ్యులు ఐదారు నిమిషాల ప్రసంగాలు చేస్తారు, ఒకరు సమయం చూస్తారు, ఒకరు అనవసరమైన ‘అ...’, ‘ఆ...’ లను లెక్కపెడతారు, మరొకరు విమర్శ చెబుతారు. హైదరాబాదులో ఇలాంటి క్లబ్బులు చాలా ఉన్నాయి, అమెరికాలో తెలుగులోనే నడిచేవీ ఉన్నాయి. క్లబ్బు అందుబాటులో లేనివారికి ఫోను చాలు. ప్రసంగాన్ని రికార్డు చేసి, మొదటిసారి కళ్ళు మూసుకుని మాట మాత్రమే వినాలి, రెండోసారి శబ్దం ఆపి కదలికలు మాత్రమే చూడాలి. ‘అంటే’, ‘ఏంటంటే’, ‘అన్నమాట’ ఎన్నిసార్లు దొర్లాయో, ఏ వాక్యం దగ్గర ఊపిరి చాలలేదో, ఎక్కడ చూపు కాగితంలోకి దిగిపోయిందో అప్పుడు తెలుస్తుంది. ఊపిరి చాలని వాక్యాన్ని రెండుగా విరిచి మళ్ళీ పలికి చూడడం దగ్గర తర్వాతి సాధన మొదలుపెట్టవచ్చు.